ప్యాకెట్టు మీది నల్లగీతలు: అవి చెప్పునదేమి, చెప్పనిదేమి?

తాడిపత్రి ప్రాంతమున వాన నమ్ముకొని సేద్యము చేయు రైతునకు అంకెలు క్రొత్తవి కావు. భూమిలోనికి ఎంత పదును దిగినది, ఎకరమునకు ఎన్ని కిలోల విత్తనము పట్టినది, క్వింటాలు వేరుశెనగకు మార్కెట్టులో ఏ ధర పలికినది అను విషయములను అతడు వ్రేళ్ళ మీద లెక్కించి చెప్పగలడు. కాని అదే రైతు సాయంకాలము ఇంటికి కొని తెచ్చిన నూనె ప్యాకెట్టు వెనుక కొన్ని నల్లని గీతలును, వాటి క్రింద పదమూడు అంకెలును ఉండును. వాటిని అతడు చదువడు. అవి అంగడివానికి సంబంధించినవి గాని తనకు సంబంధించినవి కావని తలచును. ఈ తలంపు సరియైనది కాదని చూపుటయే మా ఉద్దేశము.

కరవు సీమలో ఈ విషయమునకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. వాన తప్పిన యేట గాదె నిండదు. గాదె నిండని ఇంటికి బియ్యము, జొన్నలు, పప్పు, నూనె అన్నియు అంగడి నుండియే రావలెను. వేరుశెనగ పండించిన కుటుంబమే వంటనూనెను ప్యాకెట్టులో కొనుట నేడు మన పల్లెలలో చూచుచున్నదే. నాపరాళ్ళ గనులలోను, రాళ్ళకు పాలిషు పెట్టు ఫ్యాక్టరీలలోను కూలి చేయువారు వారమునకు ఒకసారి కూలి డబ్బులు చేతబట్టుకొని తాడిపత్రి అంగళ్ళలో సరకులు కొనుచుందురు. ఆ డబ్బులో పదిరూపాయలు అన్యాయముగా పోయినచో ఒక పూట కూరగాయలు పోయినట్లే.

పూర్వము అంగడివాడు మన కన్నుల యెదుటనే తక్కెడలో తూచి, ధర నోటితో చెప్పి, కాగితము మీద లెక్క వ్రాసెడివాడు. తప్పు జరిగినచో అక్కడనే అడుగుటకు వీలుండెడిది. నేడు పట్టణములోని పెద్ద అంగళ్ళలో ప్యాకెట్టును యంత్రమునకు చూపుదురు. ఒక్క కూత వినిపించును. ధర కంప్యూటరు తెర మీద పడును. ఆ ధర ఎక్కడి నుండి వచ్చినదో కొనువానికి తెలియదు. లెక్క మారిన ప్రతిసారియు ఇట్టి చిక్కు వచ్చుచునే యున్నది. 1957 ఏప్రిల్ 1న అణాలకు మారుగా నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు నుండి శేర్లకు, వీశెలకు మారుగా కిలోగ్రాములు క్రమముగా ప్రవేశించినవి. క్రొత్త లెక్క తెలిసినవానిని మోసగించుట కష్టము. తెలియనివానిని మోసగించుట సులభము. నేటి క్రొత్త లెక్క ఈ గీతలది.

గీతలు యంత్రమునకు, అంకెలు మనుష్యునకు

ఈ గీతల వరుసను బార్‌కోడు అందురు. దీని ఆలోచన అమెరికా దేశమున పుట్టినది. నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అను ఇద్దరు యువకులు దీనికై 1949లో దరఖాస్తు చేసి, 1952లో పేటెంటు హక్కు పొందిరి. తంతి వార్తలలో వాడు చుక్కలను, అడ్డగీతలను చూచి, వాటిని క్రిందికి సాగదీసినచో యంత్రము చదువగల గీతలగునని వుడ్‌లాండ్‌కు తోచినదట. కాని అప్పటికి వాటిని చదువగల చౌక యంత్రము లేకుండెను. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున ఒక అంగడిలో నమిలెడు బంక ప్యాకెట్టును మొట్టమొదటిసారి ఈ పద్ధతిని యంత్రమునకు చూపి అమ్మిరి. పేటెంటునకును ఆ అమ్మకమునకును నడుమ ఇరువదిరెండేండ్లు గడచినవి. మన దేశమున ఈ సంఖ్యలను కేటాయించు జి.ఎస్.1 ఇండియా అను సంస్థ 1996లో ఏర్పడినది.

యంత్రము చేయు పని చాల సులువైనది. అది ఎఱ్ఱని వెలుతురును గీతల మీదికి పంపును. తెల్లని చోటు ఆ వెలుతురును తిరుగగొట్టును. నల్లని చోటు మ్రింగివేయును. ఏ గీత సన్నము, ఏ గీత లావు, నడుమ సందు ఎంత అనునది దీనివలన యంత్రమునకు తెలియును. ఎఱ్ఱరంగుతో అచ్చువేసిన గీతలు ఎఱ్ఱని వెలుతురులో తెల్లనివాని వలెనే కనిపించును గావున వాటిని యంత్రము చదువజాలదు. ప్యాకెట్లపై ఈ గీతలు సాధారణముగా నలుపు లేక ముదురు నీలి రంగులో నుండుటకు కారణమిదియే. ప్యాకెట్టు నలిగి గీతలు చెదరినప్పుడు అంగడివాడు క్రింద నున్న అంకెలను చేతితో కొట్టును. గీతలు చెప్పునదియు అంకెలు చెప్పునదియు ఒక్కటే. అందుచేత యంత్రము లేకున్నను ఆ సంఖ్యను మనము చదువుకొనవచ్చును.

పదమూడు అంకెల అర్థము

మన అంగళ్ళలోని ప్యాకెట్ల మీద సాధారణముగా పదమూడు అంకెలుండును. అతి చిన్న ప్యాకెట్ల మీద ఎనిమిది, అమెరికా సరకుల మీద పండ్రెండు ఉండవచ్చును. పదమూడు అంకెలలో మొదటి మూడును ఆ కంపెనీ ఏ దేశపు జి.ఎస్.1 సంస్థ వద్ద సంఖ్య తీసికొన్నదో చెప్పును. భారతదేశపు సంస్థకు 890 కేటాయింపబడినది. తరువాతి కొన్ని అంకెలు కంపెనీవి. ఆపైన నున్నవి ఆ కంపెనీ తన సరకులకు పెట్టుకొన్న వరుస సంఖ్య. కంపెనీకి ఎన్ని అంకెలు, సరకునకు ఎన్ని అంకెలు అనునది కంపెనీని బట్టి మారుచుండును. చివరిది తనిఖీ అంకె.

ఒక కంపెనీ కందిపప్పును అరకిలో, కిలో, రెండు కిలోల ప్యాకెట్లుగా అమ్మినచో మూడింటికిని మూడు వేర్వేరు సంఖ్యలుండును. కాని ఒకే రకము కిలో ప్యాకెట్లు లక్ష తయారైనను వాటి అన్నింటి మీదను ఒకే సంఖ్య యుండును. ఇది ముఖ్యమైన విషయము. ఈ సంఖ్య సరకు యొక్క రకమునకు పేరు వంటిది గాని, మన చేతిలోని ఆ ఒక్క ప్యాకెట్టునకు పేరు కాదు. అది ఏ దినమున తయారైనదో, ఎన్ని నెలలు గిడ్డంగిలో పడియున్నదో ఆ సంఖ్యకు తెలియదు.

తనిఖీ అంకె చేయు మేలు

చివరి అంకె ఎట్లు పుట్టునో బడి పిల్లలును చేసి చూడదగిన లెక్క. ఉదాహరణకు 8901234567890 అను సంఖ్యను తీసికొందము. చివరి సున్నను విడిచి, ఎడమ నుండి లెక్కించి, ఒకటవ, మూడవ, అయిదవ, ఏడవ, తొమ్మిదవ, పదునొకండవ స్థానములలోని అంకెలను కూడవలెను: 8, 0, 2, 4, 6, 8. మొత్తము 28. పిమ్మట రెండవ, నాల్గవ, ఆరవ, ఎనిమిదవ, పదియవ, పండ్రెండవ స్థానములలోని అంకెలను కూడవలెను: 9, 1, 3, 5, 7, 9. మొత్తము 34. దీనిని మూడు రెట్లు చేయగా 102. రెండు మొత్తములును కలిపిన 130. దీనికి ఎంత కలిపినచో పదితో నిశ్శేషముగా భాగింపబడునో అదియే చివరి అంకె. 130 ఇప్పటికే పదితో భాగింపబడుచున్నది గనుక చివరి అంకె సున్న.

ఇప్పుడు యంత్రము పొరపాటున ఎనిమిదవ స్థానములోని 5ను 6గా చదివినదనుకొందము. మొత్తము 133 అగును. దానికి 7 కలిపినగాని పదితో భాగింపబడదు. చివర నున్నది సున్న. లెక్క కుదరలేదు గావున యంత్రము ఆ సంఖ్యను నిరాకరించును. ఒక్క అంకె ఎచ్చట తప్పినను ఈ లెక్క పట్టుకొనును. ప్రక్క ప్రక్కనున్న రెండంకెలు తారుమారైనను చాలవరకు పట్టుకొనును. 1, 6 వలె ఆ రెండింటికి అయిదు తేడా యున్నప్పుడు మాత్రము పట్టుకొనలేదు. తనిఖీ అంకె చేయు మేలు ఇంతవరకే. అది సంఖ్యను సరిగా చదివినామా లేదా యని చెప్పును. ప్యాకెట్టులోని సరకు మంచిదా చెడ్డదా యని చెప్పదు.

890 అనగా మన దేశపు సరకేనా?

సెల్‌ఫోనులలో ఒకరి నుండి మరొకరికి తిరుగు సందేశములలో, 890తో మొదలైన సరకు మన దేశమున తయారైనదనియు, 690 మొదలు 699 వరకు గల అంకెలతో మొదలైనది చైనాలో తయారైనదనియు చదువుచుందుము. ఇది సగము నిజము. సగము నిజము వలన కలుగు నష్టము ఒక్కొక్కప్పుడు పూర్తి అబద్ధము వలన కలుగదు. ఆ అంకెలు కంపెనీ ఎచ్చట నమోదు చేసికొన్నదో చెప్పునే గాని, సరకు ఎచ్చట తయారైనదో చెప్పవు. మన దేశమున నమోదైన కంపెనీ విదేశము నుండి సరకు తెప్పించి 890 సంఖ్యతో అమ్మవచ్చును. ఇతర దేశమున నమోదైన కంపెనీ తన సరకును మన దేశములోనే మన కూలీలచేత తయారు చేయించి, ఆ దేశపు సంఖ్యనే వేయవచ్చును. ఆహారము మన దేశమున తయారైనదా యని తెలిసికొనగోరువారు తయారీదారుని చిరునామాను చదువవలెను. దిగుమతియైన సరకు మీద దిగుమతిదారుని పేరు, చిరునామా, పుట్టిన దేశము పేరు ముద్రింపవలెనని నియమము కలదు.

మరియొక అపోహ కూడ కలదు. గీతలున్న సరకు ప్రభుత్వము పరీక్షించినదనియు, గీతలు లేనిది నకిలీయనియు కొందరు తలచెదరు. బార్‌కోడు ప్రభుత్వపు ముద్ర కాదు. నాణ్యతకు హామీ కాదు. సాధారణ కిరాణా సరకునకు అది తప్పక ఉండి తీరవలెనను చట్టమును లేదు. మన గ్రామములోని చిన్న అంగడిలో విడిగా అమ్ము కొర్రలకు, బొరుగులకు బార్‌కోడు ఉండదు. అంతమాత్రమున అవి చెడ్డవి కావు. నకిలీ సరకు చేయువాడు అసలు ప్యాకెట్టు మీది గీతలను కూడ నకలు తీసి అచ్చువేయగలడు.

ధర గీతలలో లేదు

ఈ వ్యాసమున అన్నింటికంటె ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయమిది. ప్యాకెట్టు మీది గీతలలో ధర లేదు. యంత్రము సంఖ్యను మాత్రమే చదివి కంప్యూటరునకు అందించును. ఆ సంఖ్యకు ఎదురుగా అంగడివారు తమ కంప్యూటరులో ఏ ధర వ్రాసి యుంచిరో ఆ ధర బిల్లులో పడును. కంప్యూటరు తప్పు చేయదని మనము నమ్ముదుము. కాని అందులో ధరను వ్రాసినవాడు మనుష్యుడే.

ఒక నూనె ప్యాకెట్టు గరిష్ఠ చిల్లర ధర 140 రూపాయలనుకొందము. కంపెనీ ధర పెంచి, తరువాతి సరకు మీద 152 రూపాయలని అచ్చువేసినది. చాల తరచుగా ధర మారినను సంఖ్య మారదు. అంగడివారు కంప్యూటరులో 152 అని మార్చిరి. కాని అలమరలో పాత ధర ప్యాకెట్లు కొన్ని మిగిలి యున్నవి. ఆ పాత ప్యాకెట్టును యంత్రమునకు చూపగా బిల్లులో 152 పడును. ప్యాకెట్టు మీద 140 అని స్పష్టముగా అచ్చై యున్నను కొనువాడు చూచుకొనకుండ 12 రూపాయలు అదనముగా చెల్లించి వచ్చును. ఇందులో అంగడివానికి దురుద్దేశము లేకపోవచ్చును. ఐనను ముద్రించిన గరిష్ఠ ధరకు మించి తీసికొనుట చట్టవిరుద్ధము. ఆ ధరలో పన్నులన్నియు చేరియే యుండును గనుక పన్ను పేరిట అదనముగా అడుగుటకు కూడ వీలులేదు. అంతకు తక్కువకు అమ్ముటకు మాత్రము అంగడివానికి స్వేచ్ఛ కలదు.

దీనికి ఒక మినహాయింపు ఉన్నది. పెద్ద అంగళ్ళలో పప్పులు, పండ్లు మొదలగువానిని అక్కడనే తూచి, చిన్న చీటీ అంటింతురు. ఆ చీటీ మీది సంఖ్య 2తో మొదలగును. 20 నుండి 29 వరకు గల మొదటి అంకెలు అంగళ్ళు తమలో తాము వాడుకొనుటకు విడువబడినవి. ఇట్టి చీటీలోని సంఖ్యలో తూకము గాని, ధర గాని ఇమిడి యుండవచ్చును. ఆ సంఖ్యకు ఆ అంగడి బయట అర్థము లేదు. చీటీ మీద వ్రాసిన తూకమును చూచి, అనుమానము కలిగినచో అక్కడనే మరల తూచి చూపుమని అడుగవలెను.

చదువవలసిన అక్షరములు

సంఖ్య చెప్పని విషయములను ప్యాకెట్టు మీది అక్షరములు చెప్పును. 2009 నాటి తూనికలు కొలతల చట్టము, దాని క్రింద 2011లో వచ్చిన ప్యాకెట్టు సరకుల నియమములు, 2006 నాటి ఆహార భద్రతా చట్టము వీటిని నిర్దేశించినవి. చిల్లరగా అమ్ము ఆహారపు ప్యాకెట్టు మీద చూడవలసినవి ఇవి:

మొదటిది, సరకు పేరు, తయారు చేసినవాని లేక ప్యాకు చేసినవాని పేరు, పూర్తి చిరునామా.

రెండవది, నికర తూకము లేక కొలత. నూనె విషయమున ఇక్కడ జాగ్రత్త అవసరము. లీటరు నూనె కిలో కాదు; అది సుమారు 910 గ్రాములు మాత్రమే తూగును. ఒక ప్యాకెట్టు మీద లీటరనియు, మరియొకదాని మీద కిలో యనియు ఉన్నచో రెండింటి ధరలను నేరుగా పోల్చరాదు.

మూడవది, ఎమ్.ఆర్.పి. అను ఆంగ్లాక్షరముల ప్రక్కన ముద్రించు గరిష్ఠ చిల్లర ధర. 2021లో సవరించిన నియమముల ప్రకారము గ్రామునకో, కిలోకో, లీటరునకో ధర ఎంత పడునో కూడ ముద్రింపవలసి యున్నది. ఇది పేదవానికి చాల ఉపయోగకరము. 800 గ్రాముల ప్యాకెట్టు 96 రూపాయలు, కిలో ప్యాకెట్టు 115 రూపాయలు అనుకొందము. మొదటిది చౌకగా కనిపించును. కాని లెక్కించి చూడగా మొదటిదానిలో నూరు గ్రాములకు 12 రూపాయలు, రెండవదానిలో 11 రూపాయల 50 పైసలు పడుచున్నవి.

నాల్గవది, తయారైన తేది, ఏ తేది లోపల వాడవలెనో ఆ తేది, బ్యాచి సంఖ్య. బ్యాచి సంఖ్య వేరు, బార్‌కోడు సంఖ్య వేరు. ఒకే దఫా తయారైన సరకును గుర్తించునది బ్యాచి సంఖ్య. సరకు చెడినదని ఫిర్యాదు చేయునప్పుడు ఈ రెండు సంఖ్యలును కావలెను.

అయిదవది, ఆహార భద్రతా సంస్థ ఇచ్చు పదునాలుగు అంకెల సంఖ్య. ఇది ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అను గుర్తు ప్రక్కన ఉండును. 1తో మొదలైనది లైసెన్సు; 2తో మొదలైనది చిన్న వ్యాపారులకిచ్చు నమోదు. పదమూడు అంకెల బార్‌కోడును, పదునాలుగు అంకెల ఈ సంఖ్యను ఒకటిగా భ్రమపడరాదు. ఆహారము తయారు చేయువానికి చట్టరీత్యా తప్పనిసరియైనది ఈ రెండవది.

ఆరవది, చదరములో ఆకుపచ్చని చుక్క యున్నచో శాకాహారము. గోధుమరంగు త్రికోణమున్నచో మాంసాహారము.

సంఖ్యను వాడుకొనుట ఎట్లు?

ఇట్లు చెప్పినంతనే బార్‌కోడు సంఖ్య వలన కొనువానికి ప్రయోజనము లేదని తలపరాదు. కొన్ని అంగళ్ళు బిల్లులో సరకు పేరుతో పాటు ఈ సంఖ్యను కూడ ముద్రించును. సరకు పేరు ఆంగ్లములో పొట్టిగా ఉండి అర్థము కానప్పుడు చివరి నాలుగైదు అంకెలను ప్యాకెట్టుతో సరిచూచుకొన్న యెడల బిల్లులోని ఏ వరుస ఏ సరకుదో తెలియును. ఆంగ్లము రానివారు కూడ అంకెలను పోల్చగలరు. కొనని సరకు బిల్లులో పడినదా, ఒకే సరకు రెండుసార్లు పడినదా యని ఇట్లు పట్టుకొనవచ్చును.

ఫోనులో ఆ సంఖ్యను వెదకినచో చాల సరకులకు పేరు, పరిమాణము కనిపించును. అవి చేతిలోని ప్యాకెట్టుతో సరిపోలనిచో ఆ సరకును అనుమానింపవలెను. సరిపోలినంత మాత్రమున అసలైనదని నిశ్చయింపరాదు. డబ్బు చెల్లించుటకు అంగడి బల్ల మీద నుంచు చదరపు కోడు వేరు. అది చెల్లింపు కొరకు మాత్రమే. మనకు డబ్బు రావలసి యున్నప్పుడు అట్టి కోడును ఫోనుతో చదివి రహస్య సంఖ్య కొట్టుమని ఎవరైన అడిగినచో అది మోసమని గ్రహింపవలెను.

బిల్లులో ధర ఎక్కువ పడినప్పుడు మొదట అంగడిలోనే మర్యాదగా ప్యాకెట్టును చూపి సరిచేయుమని అడుగవలెను. సాధారణముగా అక్కడనే పని ముగియును. ముగియనిచో బిల్లును, ప్యాకెట్టును భద్రపరచి, ధర కనిపించునట్లు ఫొటో తీసి, 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలుపవచ్చును. తెలుగులోను మాట్లాడవచ్చును. ధర, తూకముల విషయము తూనికలు కొలతల శాఖకును, చెడిన ఆహారము విషయము ఆహార భద్రతాధికారికిని వ్రాయవలెను. నష్టపరిహారము కోరువారు రెండేండ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. సరకుకై చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు లోపైనచో ఫిర్యాదు రుసుము లేదు. బిల్లు ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు అడుగుటకు సంకోచపడువాడు తన సాక్ష్యమును తానే పారవేసికొనినట్లగును.

మన సరకునకు మన సంఖ్య

గ్రామము కొనుట మాత్రమే కాదు, అమ్ముట కూడ నేర్వవలెను. వేరుశెనగ పండు సీమలో మహిళా సంఘములు చిక్కీలు, పొడులు, గానుగ నూనె తయారు చేసి అమ్ముటకు అవకాశము కలదు. ఇరుగుపొరుగు గ్రామములలో అమ్ముటకు బార్‌కోడు అవసరము లేదు. కాని పట్టణములోని పెద్ద అంగడివారు తమ యంత్రమునకు అందని సరకును అలమరలో పెట్టుటకు ఇష్టపడరు. అట్టి సంఘము మొదట ఆహార భద్రతా నమోదు పొంది, ప్యాకెట్టు మీద పైన చెప్పిన వివరములన్నియు ముద్రించి, పిమ్మట జి.ఎస్.1 ఇండియా వద్ద సంఖ్యలకు దరఖాస్తు చేసికొనవలెను. ఇందుకు రుసుము కలదు. కాలపరిమితి తీరిన పిమ్మట మరల చెల్లింపవలసి యుండును. గనుక అమ్మకము ఎంతయో లెక్కించి చూచుకొని దిగవలెను. నూరు గ్రాముల చిక్కీకి ఒక సంఖ్య, పావుకిలో చిక్కీకి మరియొక సంఖ్య కావలెను. తక్కువ ధరకు సంఖ్యలు అమ్మెదమని చెప్పు మధ్యవర్తులను నమ్మరాదు. ఆ సంఖ్య మరియొక కంపెనీ పేరున ఉండి, రేపు మన సరకును అంగడివారు త్రిప్పి పంపవచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని

అంగళ్ళ మీద దాడి చేయుటకు గాని, జరిమానా విధించుటకు గాని పంచాయతీ సభ్యునికి అధికారము లేదు. ఆ పని సంబంధిత శాఖలది. అతడు చేయగలది వేరు. అది తక్కువదేమియు కాదు.

రాబోవు గ్రామసభకు వచ్చువారిని తమ ఇండ్లలోని ఖాళీ ప్యాకెట్లను ఒక్కొక్కటి తెమ్మని ముందుగా చాటించవచ్చును. ఖర్చు లేని పాఠమది. ఒక్కొక్కరు తమ ప్యాకెట్టు మీద ధర ఎచ్చట నున్నదో, గడువు తేది ఎచ్చట నున్నదో, పదునాలుగు అంకెల సంఖ్య యున్నదో లేదో వెదకి చూపవలెను. అక్షరములు చిన్నవై వృద్ధులకు కనిపించనిచో బడి పిల్లలు చదివి వినిపింతురు. తనిఖీ అంకె లెక్కను ఉపాధ్యాయులు అయిదవ తరగతి పిల్లలచేత నల్లబల్ల మీద చేయింపవచ్చును. ఇంటిలో సరకులు కొను బాధ్యత ఎక్కువగా స్త్రీలదే గావున ఈ పాఠము మహిళా సంఘముల సమావేశములలో జరుగుట మరింత మేలు.

పంచాయతీ కార్యాలయపు గోడ మీద నాలుగు మాటలు పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును: ధర చూడుడు, తేది చూడుడు, తూకము చూడుడు, బిల్లు అడుగుడు. వాటి క్రింద 1915 అను సంఖ్యను వ్రాయింపవలెను.

అంగన్‌వాడీ కేంద్రమునకును, బడిలో మధ్యాహ్న భోజనమునకును వచ్చు ప్యాకెట్లను కూడ సభ్యులు అప్పుడప్పుడు చూచుచుండవలెను. పసిపిల్లలు తేది చదువలేరు. వారి కొరకు చదువవలసినవారు పెద్దలు. గడువు దాటిన ప్యాకెట్టు కనిపించినచో దానిని వాడకుండ ఆపి, బ్యాచి సంఖ్య వ్రాసికొని, పై అధికారులకు తెలుపుట సభ్యుని ధర్మము.

గ్రామములోని చిన్న అంగడివానిని శత్రువుగా చూడరాదు. గడువు దాటిన సరకును అతనికి అంటగట్టినవారు పట్టణములోని టోకు వర్తకులు కావచ్చును. అతనికిని ఈ విషయములు తెలిపి, సరకు దింపుకొనునప్పుడే తేదీలు చూచుకొనుమని చెప్పిన యెడల అతడును నష్టపడడు, గ్రామమును నష్టపడదు.

వానను మనము రప్పింపజాలము. కాని వాన లేని యేట కష్టపడి సంపాదించిన కూలి డబ్బులు అంగడి బల్ల మీద వృథా కాకుండ కాపాడుకొనగలము. దానికి కావలసినది ప్యాకెట్టును ఒక్కసారి త్రిప్పి చూచు అలవాటు. ఈ అలవాటును పంచాయతీ సభ్యులు మొదట తమ ఇంటిలో ప్రారంభించి, పిమ్మట గ్రామమునకు నేర్పెదరని ఆశించుచున్నాము.